మూడో వంతెన కింద

మార్చి 16, సోమవారం

పొద్దున్నే మొదటి వింత: నాన్న ఇంట్లో ఉన్నాడు. సెలవులకి హాస్టల్ నుంచి వచ్చాక నేను లేచేసరికి ఆయన ఇంట్లో కనపడడం ఇదే మొదటిసారి. వంటింట్లో ఒక కుర్చీలో కూర్చుని, కుడికాలు ఇంకో కుర్చీ మీద చాపి, ఆ రెండో కుర్చీ ఎవరైనా అడుగుతారేమో అన్నట్టు చూస్తున్నాడు.

పెరటి మెట్ల మీద జారాడట. మోకాలు వాచిందని రాస్తే చాలదు. చిప్ప ఎక్కడుందో కనపడడం లేదు.

అమ్మ క్లినిక్‌లో నర్సు కాబట్టి మా ఇంట్లో దెబ్బలకి జాలి దొరకదు, కట్టు మాత్రం బాగా దొరుకుతుంది. బిగించి కడుతూ, "రెండు వారాలు కదలకూడదు" అంది.

"ఆదివారం దారి తెరవాలి," అన్నాడు నాన్న.

"దారికేమైనా కాళ్ళున్నాయా పారిపోవడానికి? అక్కడే ఉంటుంది."

అన్నయ్య వ్యాను తాళాలు వెతుక్కుంటూ వచ్చి చూశాడు. "జలపాతం కూడా ఎక్కడికీ పోదు నాన్నా. నీలాగే పడుతూ ఉంటుంది."

అమ్మకి నవ్వొచ్చింది. నాన్నకి రాలేదు.

మీ నాన్న ఏం చేస్తారని హాస్టల్లో ఎవరైనా అడిగితే ఎప్పుడూ తడబడతాను. ఒకసారి సరిగ్గా రాసిపెట్టుకుంటే మేలు. మా నాన్న దారి కాపలావాడు. కొండ మీద జలపాతానికి వెళ్ళే కాలిబాట ఆయన చేతిలో ఉంటుంది. చలికాలమంతా మూసి ఉంటుంది. పూలు విచ్చే రోజుల్లో తెరుస్తారు. తెరిచే ముందు ఆయన ఒక్కడే మొత్తం నడిచి, ఏటి మీది మూడు చెక్క వంతెనలూ కింద నుంచి చూసి, ఆఫీసుకి ఫోన్ చేసి బాగుందంటాడు. అంతే. ఆ ఒక్క మాట మీద ఊరంతా చంటిపిల్లల్ని చంకనేసుకుని, చెప్పులేసుకుని, కబుర్లాడుకుంటూ కొండెక్కుతుంది. అంత సులువైన దారి అది. సులువుగా ఉంచడమే ఆయన పని.

అన్నయ్య వెళ్ళాక నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"అమ్మడూ, ఈ కాలు సంగతి ఆఫీసులో తెలియకూడదు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ దారి తెరిచాకే ఈ ఏడాది పనికి మా పేర్లు మళ్ళీ రాసుకుంటుందట. కుంటుతూ కనపడ్డానంటే ఇంక గేటు దగ్గర టిక్కెట్లు చింపడానిక్కూడా పెట్టరు."

"అయితే?"

"నువ్వు వెళ్ళి చూసి రా. నాతో ఎన్నిసార్లు రాలేదు నువ్వు."

"అన్నయ్యని పంపచ్చుగా."

"వాడు వంతెన కింద దూరి చూడడు. వంతెన మీద పడుకుని నిద్రపోయి వస్తాడు."

సరేనన్నాను. భయం కాదు, గర్వంగా ఉంది. ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

మార్చి 17, మంగళవారం

భోజనాల బల్ల కింద శిక్షణ. నాన్న పైన కుర్చీలో, నేను కింద చెక్క పిడి ఉన్న ఇనుప మొనతో. "ముందు నాచు గీకెయ్. ఇప్పుడు పొడువు. గట్టి కొయ్యయితే చేతికి ఎదురు తంతుంది. పుచ్చిందయితే ఉడికిన దుంపలో దిగినట్టు దిగిపోతుంది. దూలం రెండు కొసలూ చూడాలి, గట్టు మీద ఆనే చోట. తడి అక్కడే దాక్కుంటుంది. పైన నిలబడి చూస్తే ఎప్పుడూ బాగానే కనపడుతుంది తల్లీ. ఏ వంతెనైనా."

అమ్మ తలుపులో నిలబడి, "నా బల్లకి చిల్లు పడిందా, తండ్రీకూతుళ్ళిద్దరికీ ఇకనుంచి విస్తళ్ళు నేల మీదే" అంది.

మార్చి 18, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇంత అందం ఒక్కదాన్నే చూడడం ఇదే మొదలు.

అన్నయ్య గేటు దగ్గర దింపి, "నిఘంటువూ, దారిలో ఏదైనా పాము కనపడితే ముందు పరిగెత్తు, దాని పర్యాయపదాలు తర్వాత రాసుకోవచ్చు" అన్నాడు.

గేటు దాటగానే పసుపు. గడ్డి అంటే నమ్మలేం, ఎవరో పొడి చల్లినట్టుంది. దగ్గరికెళితే గింజంత పూలు, ఒక్కోదానికీ ఐదు రేకులు, మధ్యలో గోధుమరంగు చుక్క. పేరు తెలియదు. నేనే పెట్టాను: చెవిదుద్దు పూలు.

మొదటి వంతెన కింద దూరాను. ఏరు చీలమండల దాకా ఉంది. నాచు గీకాను, పొడిచాను, చేతికి ఎదురు తన్నింది. రెండు కొసలూ. ఒళ్ళంతా బురద. పైకొచ్చి గట్టిగా నవ్వుకున్నాను, వినేవాళ్ళెవరూ లేరు కదా.

తర్వాత దారి మెల్లగా ఎక్కుతుంది, ఎక్కుతున్నట్టు కూడా తెలియదు. పొదల నీడలో తెల్లవి, గుత్తులు గుత్తులుగా, తలలు వాల్చుకుని. వీటికి నిద్రమొహం పూలని పేరు పెట్టాను. ఎండ తగిలినవి మాత్రం మేలుకున్నాయి.

రెండో వంతెన కింద ఒక కప్ప ఉంది. నన్ను చూసి కదల్లేదు, అద్దెకున్నదాన్ని చూసినట్టు చూసింది. రెండు కొసలూ గట్టివే. ఎండలో బండ మీద కూర్చుని బట్టలు ఆరబెట్టుకుని, రొట్టె తిన్నాను.

ఆ పైన వాలంతా నీలం. ఎలా చెప్పాలి? ఆకాశం నీలం కాదు, సిరా నీలం కాదు. చిన్న చిన్న గంటల్లాంటి పూలు, గాలొస్తే అన్నీ ఒక పక్కకే ఊగుతాయి, చప్పుడు లేకుండా. ఆ చప్పుడు లేకపోవడమే వినపడుతున్నట్టుంది. ఈ వాక్యం నాకు నచ్చింది. మూడో వంతెన దగ్గర నీళ్ళ అంచున అవే పూలు తెల్లచారలతో ఉన్నాయి, అలాంటివి ఇంకెక్కడా లేవు. సంచీ కింద పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని ఎంతసేపు చూశానో. గంట అనే మాటకి కాలమని కూడా అర్థం కదా అనుకున్నాను. ఆ తర్వాత తలెత్తితే, జలపాతం.

నీళ్ళు పడడం లేదు, దిగుతున్నాయి. తుప్పర మొహం మీద. తుప్పర ఎంత మంచి మాట, పలికితేనే పెదవులు తడుస్తాయి.

ఇంటికొచ్చేసరికి నాన్న కిటికీ దగ్గరే ఉన్నాడు.

"మూడూ?"

"మూడూ."

"బాగున్నాయా?"

"రాయిలా ఉన్నాయి."

నా తల మీద చెయ్యి పెట్టి కాసేపు తియ్యలేదు.

మార్చి 19, గురువారం

నాన్న ఆఫీసుకి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు, నేను వినాలని.

"నేనే వెళ్ళొచ్చాను మేడమ్. మూడు వంతెనలూ కింద నుంచి చూశాను. రాయిలా ఉన్నాయి."

నా మాటే. నాన్న ఎప్పుడూ అలా మాట్లాడడు.

ఆఫీసరమ్మ గొంతు నేననుకున్నంత కఠినంగా లేదు. "మంచిది. ఆదివారం నేనూ వస్తున్నాను. మీతో కలిసి నడవాలని ఉంది."

"రండి మేడమ్, దానికేం," అన్నాడు నాన్న, కాలు చూసుకుంటూ. ఫోన్ పెట్టేశాక నాతో చెప్పాడు: ఆ రోజు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "టిక్కెట్లు చూసుకోవాలి, మీరు నడవండి" అంటాడట. అన్నీ ఆలోచించాడు.

మధ్యాహ్నం అన్నయ్య ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆదివారం మొదటి ట్రిప్పు వ్యాను నిండిపోయింది. ఒకటో తరగతి పిల్లలూ, వాళ్ళ టీచరూ. "అందరికీ వంతెన మీద గ్రూపు ఫోటో కావాలట. జలపాతం వెనకాల కనపడాలట. టీచరు మూడుసార్లు చెప్పింది."

మూడో వంతెన అది. ఫోటోలన్నీ అక్కడే దిగుతారు.

సాయంత్రం నాన్న ఉన్నట్టుండి, "మూడో వంతెన కింద చలి ఎలా ఉంది?" అన్నాడు. "నాకు అక్కడే బాగుంటుంది. పై నుంచి నీళ్ళ చప్పుడుకి మన ఊపిరి మనకే వినపడదు. మధ్యలో వంగి నడిస్తే వీపంతా తడిసిపోతుంది, కదూ?"

"అవును," అన్నాను.

"నాచు బాగా పట్టి ఉంటుంది అక్కడ."

"గీకేశాను."

ఆ చలి ఎలా ఉంటుందో నాకు గుర్తు రావడం లేదు.

మార్చి 20, శుక్రవారం

మూడో వంతెన బాగానే ఉంది.

మార్చి 20, మళ్ళీ

పొద్దున్నుంచి వాన. చూసే ఉంటాను. మొదటిది చూశాను, రెండోది చూశాను, మూడోది ఎందుకు చూడను? ఆ పని కోసమే వెళ్ళాను కదా. అలవాటుగా చేసిన పని గుర్తుండదు. తలుపు గడియ పెట్టామో లేదో గుర్తుండదు, కానీ పెట్టే ఉంటాం.

మొదటి వంతెన కింద బురద గుర్తుంది. రెండో వంతెన కింద కప్ప గుర్తుంది. మూడో వంతెన దగ్గర తెల్లచారలు గుర్తున్నాయి. రేకులు ఎన్నో కూడా చెప్పగలను.

అమ్మ అన్నం పెడుతూ, "ఏమే, ఒంట్లో బాలేదా?" అంది. నుదుటి మీద చెయ్యేసి చూసింది. జ్వరం లేదంది. జ్వరం ఉంటే బాగుండేది.

"అమ్మా, ఒక పని చేశామో లేదో గుర్తు లేకపోతే మీరు క్లినిక్‌లో ఏం చేస్తారు?"

"చెయ్యలేదనే అనుకుంటాం."

"చేసి ఉంటే?"

"ఏ పనో బట్టి. ఇంజెక్షన్ అయితే మళ్ళీ పొడవం, ముందు డాక్టరుకి చెప్తాం. ఏం పని?"

"ఏం లేదు. హాస్టల్ సంగతి."

అమ్మ నన్ను కొంచెం ఎక్కువసేపు చూసింది. తర్వాత గిన్నెలు తీసింది.

మరుపు. మతిమరుపు. పరాకు. ఇవేవీ కావు. ఏమరుపాటు. చెయ్యాల్సిన చోట, చెయ్యాల్సిన క్షణంలో కన్ను పక్కకి తిరగడం. ఎంత సరైన మాట. కొత్త మాట దొరికినందుకు సంతోషం లేకపోవడం ఇదే మొదటిసారి.

కానీ చూసే ఉంటాను.

మార్చి 21, శనివారం

పొద్దున్న వాన తెరిపి ఇచ్చింది. పూలు చూడాలని ఉందని చెప్పి అన్నయ్య వ్యాను ఎక్కాను. ఇనుప మొన చొక్కా లోపల పెట్టుకున్నాను. దారిపొడుగునా అన్నయ్య తన లెక్కన నేను ఏ పువ్వుకి ఏ పేరు పెట్టాలో చెప్తూనే ఉన్నాడు, ఊ కొట్టాను. గేటు దగ్గర దిగుతుంటే, "ఏంటే, ఇవాళ నిఘంటువు మూసేశారా?" అన్నాడు. నవ్వాను అనుకుంటాను.

అదే దారి. చెవిదుద్దు పూలు వానకి నేలకి అతుక్కుపోయాయి. వాటి మీదే అడుగులు వేసుకుంటూ పోయాను. మొదటి వంతెన మీద ఆగలేదు. రెండో వంతెన కింద కప్ప ఉండే చోట ఇప్పుడు నీళ్ళు. నీలం వాలు పక్కన పరిగెత్తాను, అటు తలే తిప్పలేదు. పూలు ఊగుతున్నాయని కంటి చివరి నుంచి తెలుస్తూనే ఉంది.

మూడో వంతెన చేరేసరికి ఊపిరి అందడం లేదు. ఎంత చక్కగా ఉందో. చెక్కలు వానకి కడిగి తుడిచినట్టున్నాయి, కటకటాలు నిటారుగా. వెనకాల జలపాతం ఎప్పటికన్నా పెద్దగా, తెల్లగా. రేపు ఫోటో బాగా వస్తుంది అనుకున్నాను, అనుకుని వెంటనే గట్టు దిగే చోటు వెతికాను.

కింద ఏరు నడుము లోతు. రంగు మారి, కొమ్మల్ని తిప్పుకుంటూ పోతోంది. దిగాను. ఒక చేత్తో వేరు పట్టుకుని ఇవతలి గట్టు దూలం కొస దాకా వెళ్ళాను. అక్కడ నాచు ఉంది. దళసరిగా, పచ్చగా, ఎవరూ ముట్టుకోనట్టు. గోటితో గీకాను. పొడిచాను. చేతికి ఎదురు తన్నింది.

అవతలి కొస చూడాలంటే వంతెన కిందుగా దాటాలి. రెండడుగులు వేశాను. నీళ్ళు కాళ్ళ కింది రాళ్ళని లాగేశాయి. వేరు ఎలా దొరికిందో తెలియదు, దొరికింది. గట్టు మీద చాలాసేపు పడుకున్నాను.

పైనుంచి వంతెన మీదుగా అవతలికి వెళ్ళొచ్చు కదా అనిపించింది. లేచి, మొదటి చెక్క మీద ఒక కాలు పెట్టాను. రెండోది పెట్టలేదు. చెక్క ఏమీ అనలేదు, కిర్రుమనలేదు. నేనే.

నేను ఎక్కలేని వంతెన బాగుందని చెప్పాను. గేటు దాకా ఈ ఒక్క సంగతే తలలో తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న ఒక్కడే ఉన్నాడు. నడుము దాకా తడిసి ఉన్న నన్ను చూశాడు. నా చేతిలో ఇనుప మొన చూశాడు.

"ఎందుకెళ్ళావు?"

"మూడోది చూశానో లేదో తెలియడం లేదు నాన్నా."

"తెలియకపోవడమేంటి? చూశానన్నావుగా."

"అన్నాను."

"వీపు తడిసిందా ఆ రోజు? కిందకి దూరితే తడవకుండా రారు."

ఆలోచించాను. రెండో వంతెన దగ్గర బట్టలు ఆరబెట్టుకున్నాను. జలపాతం దగ్గర పొడి బట్టలతో కూర్చున్నాను. మొహం మీద తుప్పర మాత్రమే.

"తడవలేదు," అన్నాను.

అప్పుడు తెలిసింది. ఆయనకీ నాకూ ఒకేసారి.

నాన్న మోకాలి కట్టు సర్దుకున్నాడు. తర్వాత, "ఇంత నీళ్ళలో ఇవాళ ఇవతలి కొస మాత్రమే చూసి ఉంటావు. గట్టిగా ఉందా?" అన్నాడు.

"ఉంది."

"అయితే అవతలిదీ ఉంటుందిలే. ఒక కొయ్యేగా రెండు కొసలూ. పోయినేడు నేను చూసినప్పుడు కొత్తదానిలా ఉంది. ఒక్క చలికాలంలో ఏమవుతుంది? ఏమీ కాదు."

బల్ల కింద నాకు నేర్పిన గొంతు కాదు ఇది. కానీ ఎంత మెత్తగా ఉంది. తల ఊపితే చాలు, అయిపోతుంది. నాన్న పని ఉంటుంది, నాకు తిట్లు ఉండవు, రేపు ఎండ కూడా వస్తుందట. తల ఊపాలని ఎంత అనిపించిందో ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

"పిల్లలు నాన్నా. అందరూ ఒక్కసారే వంతెన మీద నిలబడతారు. ఫోటోకి."

"తెలుసు," అన్నాడు. "ప్రతి ఏడూ ఆ ఫోటో తీసేది నేనే."

మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నేను తడిబట్టలతోనే నిలబడ్డాను. కాసేపటికి, నా వైపు చూడకుండానే, "పో, ఆరిన బట్టలు కట్టుకో. మీ అమ్మ వచ్చి చూసిందంటే నాకు పడతాయి" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర నాన్న కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతున్నాడు, నేనూ అంతే. అన్నయ్య ఇటూ అటూ చూసి, "ఏంటి, మనింట్లో కూడా వాన కురిసిందా?" అన్నాడు. ఎవరూ నవ్వకపోతే తనే చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"కూర్చో," అన్నాడు నాన్న. "రేపు వ్యానులో ముందు మమ్మల్ని గేటు దగ్గర దింపు. పిల్లల్ని తర్వాత తీసుకురా."

"మమ్మల్ని అంటే?"

"నన్నూ, దీన్నీ."

"ఆ కాలుతోనా? గేటు దగ్గర ఆఫీసరమ్మ ఉంటుంది నాన్నా. చూస్తుంది."

"చూడనీ."

అమ్మ గరిటె కింద పెట్టింది. ఎవరేం చెప్పకుండానే సగం తెలిసిపోయినట్టుంది ఆమెకి. నాన్న మిగతా సగం చెప్పాడు, నా పేరు రాకుండా, తనే వెళ్ళినట్టు, తనే మర్చిపోయినట్టు. నేను అడ్డుపడ్డాను.

"చూడనిది నేను."

"వెళ్ళానని ఫోన్‌లో చెప్పింది నేను."

"మూడూ రాయిలా ఉన్నాయని నీకు చెప్పింది నేను."

"రాయి ఏంటి, రాయి," అంది అమ్మ, ఇద్దరి మీదా కోపంగా. "ఎవరిది వాళ్ళు చెప్పుకోండి. రేపు చెప్పండి. ఆవిడ ఫోన్ నంబరుంటే ఇప్పుడే చెప్పండి."

నాన్న వెంటనే ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. అంటే మొహం చూసి చెప్పాలి. ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, నీళ్ళు తాగాడు.

అన్నయ్య ఒక్కడే మెల్లగా అన్నాడు: "మరి నీ పని?"

నాన్న బోర్లా ఉన్న ఫోన్‌ని ఇంకొంచెం అవతలికి జరిపాడు. ఆ జవాబు నేనిక్కడ రాయలేను, నాకూ తెలియదు.

పడుకునే ముందు రేపటివి అనుకున్నాం. ఐదింటికి లేవాలి. అమ్మ కట్టు విప్పి కొత్తది కడుతుంది, బూటు పట్టేలా పల్చగా. గేటు తెరవం. ఆఫీసరమ్మ రాగానే ముందు నేను చెప్తాను, తర్వాత నాన్న. ఒప్పుకుంటే పిల్లల్ని రెండో వంతెన దాకా తీసుకెళ్ళచ్చు, అక్కడి దాకా నేను చూశాను, నిజంగా చూశాను. వానకి ముందు చూశాను కాబట్టి ఆ రెండింటి కిందకీ మళ్ళీ దిగుతాను, వాళ్ళు రాకముందే. నిద్రమొహం పూలు వాళ్ళకి నచ్చుతాయి. ఏరు తగ్గాక మూడోదాని అవతలి కొస చూడడం నాదే. నాన్న గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నాడు. కుర్చీ అన్నయ్య మోస్తాడట.

ఆఫీసరమ్మకి ఎలా చెప్పాలో మూడు రకాలుగా రాసి చూశాను. అన్నిటిలోనూ పూలు వచ్చాయి, వెలుతురు వచ్చింది. అన్నీ కొట్టేశాను. రేపు పొద్దున్న ఇలా చెప్తాను: మేడమ్, మూడో వంతెన కింద ఎవరూ చూడలేదు. గేటు తియ్యకండి.